తూటా పేలలేదు... దున్న గోడెక్కింది!

తల ఉంటుంది, మొండెం ఉండదు. కొమ్ములుంటాయి, కుమ్మవు. చెవులు రిక్కించి మరీ చూస్తుంది కానీ పిలిస్తే పలకదు. హాల్లో సోఫా పైన గోడకు వేలాడుతూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో 'అబ్బ, ఎక్కడ కొన్నారండీ!' అనిపించుకుంటుంది. సానపట్టిన రాయిలా పలకలు పలకలుగా ఉండే ఈ జంతువుల తలలు కంప్యూటర్ తెరమీద పుడతాయి. కాగితంలోకి దిగుతాయి. గట్టిపడి, రంగేసుకుని గోడెక్కుతాయి. ఈ ప్రయాణంలో గోదావరి జిల్లాలకు కొత్తది కంప్యూటర్ ఒక్కటే. మిగతాదంతా కొత్తపేట శిల్పులకీ మాధవపట్నం తోలుబొమ్మలవాళ్లకీ... ఆమాటకొస్తే చేటకు కాగితం గుజ్జు అలికిన మన అమ్మమ్మలకీ ఎప్పుడో తెలిసిన విద్యే!

అలంకరణ సామాన్లు అమ్మే ఏ ఆన్‌లైన్ దుకాణంలోనైనా సరే, 'గోడకు పెట్టుకునే జంతువు తల' అని వెతికి చూడండి. ముందుగా కనిపించేది చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న శీతలదేశాల దుప్పి. రాజమండ్రిలో గృహప్రవేశం చేసుకున్నవాళ్లింట్లోనూ అదే, అమలాపురంలో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లింట్లోనూ అదే. దాన్ని ఎవరూ తప్పుపట్టక్కర్లేదు, అందంగానే ఉంటుంది. కాకపోతే చిన్న సందేహం. పడవెక్కి పాపికొండల దాకా వెళ్తే అడవిదున్నలు తిరిగే కొండలు. కాకినాడ దాటితే చేపలు పట్టి తినే పిల్లి ఉండే మడ అడవి. చుట్టూ ఇంత పెట్టుకుని, ఈ గడ్డ మీద ఎవరూ చూడని మంచుదేశపు దుప్పినే గోడకెందుకు తగిలించడం?

జవాబు సులువు. దాని ఫైలు దొరుకుతుంది, వీటి ఫైలు దొరకదు! ఎవరో ఒక దేశంలో కూర్చుని తమ అడవిలో జంతువును కంప్యూటర్లో తయారుచేసి పెట్టారు. ప్రపంచమంతా దాన్నే దించుకుని అచ్చేసుకుంటోంది. మన దున్నను మనవాళ్లెవరైనా తయారుచేస్తేగానీ అది మన గోడెక్కదు. ఆ పనేమీ బ్రహ్మవిద్య కాదు. ఇంట్లో ఒక మాదిరి కంప్యూటరూ, కట్టరూ, స్టీలు స్కేలూ, ఫెవికాల్ డబ్బా, అన్నిటికన్నా ముఖ్యంగా నాలుగైదు ఆదివారాల ఓపికా ఉంటే చాలు.

తోలు కింద కాగితమే!

గోడమీద జంతువు తల అనగానే పాతతరం వాళ్లకు గుర్తొచ్చేది జమీందార్ల బంగళాలు. వేటాడిన పులి తలనో దున్న తలనో చెక్కపలకకు బిగించి గోడకు పెట్టడం అప్పట్లో దర్జా. ఎన్ని తలలుంటే అంత మగతనం! 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ 'విజ్జీ' మూడొందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవారట.

ఆ రోజుల్లో దేశంలోని రాజులూ దొరలూ వేటాడిన జంతువుల తోళ్లు ఎక్కువగా మైసూరుకే చేరేవి. అక్కడ వాన్ ఇంగెన్ కుటుంబం నడిపిన కార్ఖానాకు ప్రపంచమంతటా పేరుంది. దాదాపు వందేళ్లు నడిచి 1999లో అది మూతపడింది. తమాషా ఏమిటంటే, చచ్చిన పులి గర్జిస్తున్నట్టు కనబడ్డానికి వాళ్లు లోపల పెట్టింది దూదీ గడ్డీ కాదు. పులి ఆకారంలో అచ్చులు తయారుచేసుకుని, వాటిలో కాగితాన్ని పొరలు పొరలుగా అతికించి, ఎండాక తీసిన బోలు బొమ్మ మీద తోలు తొడిగేవారు. అంటే దర్బారు హాల్లో అందరూ జడుసుకున్న ఆ పులి... సగం కాగితప్పులే!

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కథ మారింది. అడవిదున్నను వేటాడితే జైలే. తాతల నాటి తల ఇంట్లో ఉన్నా దానికి ప్రభుత్వం ఇచ్చిన యాజమాన్య పత్రం ఉండాలి. అమ్ముకోవడానికి వీల్లేదు. తోలు పోయింది సరే, లోపలి కాగితానికి అడ్డేముంది? ఇప్పుడు గోడలెక్కుతున్నవి ఆ కాగితం తలలే.

దున్న మొహంలో ఏముంది?

అడవి పశువుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అడవిదున్న. బాగా ఎదిగిన మగదున్న టన్ను బరువుదాకా తూగుతుంది. 2008లో జాతీయ ఉద్యానవనమైన పాపికొండల్లోనూ ఉంది. మారేడుమిల్లి దారిలో అదృష్టం బాగుంటే ఎప్పుడైనా దూరంనుంచి కనిపిస్తుంది. మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టుండే కాళ్లే దాని గుర్తు అంటారంతా. కానీ మన పని తలతో కదా, కాళ్లతో కాదు!

ఫొటోలు ముందేసుకుని ఆ తలను పక్కనుంచి చూడండి. ఊళ్లో గేదె నుదురులా చదునుగా ఉండదు. రెండు కొమ్ముల మధ్యా నెత్తి మీద గట్టులాంటి ఎత్తు ఉంటుంది. అది ముందుకు వంగి ఉండటంవల్ల దాని కిందనే నుదురు లోపలికి గుంటపడినట్టు కనిపిస్తుంది. కొమ్ములు పక్కలకు లేచి, పైకి వంపు తిరిగి, కొసల దగ్గర లోపలికి మళ్లుతాయి. మొదట్లో పసుపుపచ్చ, చివర్లో నలుపు. చెవులు పెద్దవి. నుదుటి భాగం బూడిదరంగు.

ఆ గట్టు తీసేస్తే మిగిలేది గేదె. కొమ్ముల వంపు మారిస్తే ఒంగోలు గిత్త. కాబట్టి దున్న అనిపించేది నెత్తిమీద గట్టూ, నుదుటి గుంటా, కొమ్ముల వంపూ... ఈ మూడే. మిగతా వివరాలన్నీ తీసేసినా చూసినవాళ్లు 'అడవిదున్న' అని గుర్తుపట్టాలి. అసలు పనితనమంతా అక్కడే ఉంది.

తీసెయ్యడమే విద్య

జంతువు బొమ్మలో ఎంత తీసెయ్యొచ్చో తెలుసుకోవాలంటే పికాసోను చూడాలి. 1945 చివర్లో మొదలుపెట్టి 1946 జనవరికల్లా ఆయన ఒకే ఎద్దును పదకొండు దశల్లో అచ్చువేశాడు. మొదటి బొమ్మల్లో కండలూ వెంట్రుకలూ నీడలూ అన్నీ ఉంటాయి. ఒక్కో బొమ్మకూ ఒక్కోటి తగ్గిస్తూపోగా చివరికి మిగిలినవి కొన్ని గీతలే. అయినా అది ఎద్దే! అంతకుముందు 1942లో ఇంకో చమత్కారం చేశాడు. పాత సైకిల్ సీటు తీసుకుని, దానికి సైకిల్ హ్యాండిల్‌ని కొమ్ముల్లా బిగించాడు. అంతే, గోడమీద ఎద్దు తల తయార్! సైకిల్ షాపులేని సెంటర్ లేని మన ఊళ్లలో ఎవరికీ ఆ ఆలోచన రాకపోవడం విచిత్రమే.

కంప్యూటర్‌లో జరిగేదీ ఈ తగ్గింపే. తెరమీద ఏ ఆకారాన్నైనా త్రికోణాలతోనే కడతారు. ఎందుకు త్రికోణమే? ముక్కాలిపీటను గుర్తు చేసుకోండి. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లూ ఆనతాయి. నాలుగు కాళ్ల కుర్చీ అయితే ఒక కాలు లేస్తుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే పలక మీద ఉంటాయి కాబట్టి త్రికోణం మెలిపడదు. కాగితంలో కత్తిరించడానికీ అదే వీలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1994లో ఒక మట్టి కుందేలు బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ప్రపంచంలో గ్రాఫిక్స్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఆ కుందేలు తెలుసు. దాని ఒంటిమీద ఎన్ని త్రికోణాలో తెలుసా... 69,451! అన్ని ముక్కలు కత్తిరించి అతికించాలంటే ఈ జన్మ చాలదు. గోడకు పెట్టే దున్న తలకు మూడొందల త్రికోణాలు దండి.

బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ 2002 నుంచీ అందరికీ ఉచితం. అందులో ముందు నుంచి తీసిన ఫొటో ఒకటి, పక్కనుంచి తీసింది ఒకటి పెట్టుకుని తల ఆకారాన్ని గీయడం మొదలుపెట్టాలి. సగం తలే చేస్తే చాలు. మిగతా సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా కంప్యూటరే తయారుచేస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బోలెడు త్రికోణాలున్న తలను తీసుకుని 'తగ్గించు' అనే మీట నొక్కేస్తారు. కంప్యూటర్ తగ్గిస్తుంది నిజమే. కానీ దానికి దున్నా తెలీదు, గుమ్మడికాయా తెలీదు. కనుకొలకుల దగ్గరి త్రికోణాల్ని కూడా మింగేస్తుంది. నెత్తిమీద గట్టు కరిగిపోతుంది. చివరికి గోడకెక్కేది కొమ్ములున్న బంగాళదుంప.

అందుకే చివరి తగ్గింపు మనిషే చేయాలి. ఏ అంచు ఉండాలి, ఏది పోవాలి అనేది కంటికి తెలియాలి. ఆ కన్ను మన దగ్గర లేదా అంటే, ఎందుకు లేదు! కాకినాడకు దగ్గర్లోని మాధవపట్నం తోలుబొమ్మలనే తీసుకోండి. వెనక దీపం, ముందు తెర. నీడను చూడగానే హనుమంతుడెవరో రావణుడెవరో పిల్లలు కూడా చెప్పేసేవారు. ఒక మూర్తిని పల్చటి తోలుమీద నాలుగు అంచుల్లోకి దింపడం వాళ్లకు తరతరాలుగా అబ్బిన విద్య. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాలయానికి పిల్లల్ని తీసుకెళ్లినా నష్టంలేదు. 1925లో, నిండా ముప్పయ్యేళ్లు రాకుండానే కన్నుమూసిన ఆ చిత్రకారుడు మనిషి ఒంపునూ పశువు ఒంపునూ గీతతో ఎలా పట్టుకున్నాడో చూస్తే, త్రికోణాలు ఎక్కడ పెట్టాలో చెప్పకుండానే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పాఠాలు ఎవరైనా చెబుతారు. ఇది చెప్పేవాళ్లే తక్కువ.

తలను విప్పి పరిస్తే...

బత్తాయి తొక్కను ఎంత జాగ్రత్తగా ఒలిచినా బల్లమీద చదునుగా పరుచుకోదు. ఎక్కడో చిరుగుతుంది, ఎక్కడో ముడతపడుతుంది. అదే అట్టపెట్టెనైతే విప్పి చక్కగా పరిచెయ్యొచ్చు. పలకలు పలకలుగా ఉన్న మన దున్న తలా అంతే. మడత మడతా విప్పితే కాగితం మీద చదునుగా పడుకుంటుంది. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ ఈ చిట్కాను 1525లోనే తన పుస్తకంలో బొమ్మలేసి చూపించాడు. లోపలికి గుంటల్లేని ఏ పలకల ఆకారాన్నైనా అంచుల వెంట కోసి, ముక్క ముక్క మీద పడకుండా ఒకే ముక్కగా విప్పగలమా అన్న ప్రశ్నకు గణితవేత్తలు ఇప్పటికీ జవాబు తేల్చలేదు!

మనకంత తలనొప్పి అక్కర్లేదు. దున్న తలను ఒకే ముక్కగా విప్పాల్సిన పనిలేదు కాబట్టి. పెపకురా అనే జపాన్ సాఫ్ట్‌వేర్ ఉంది. 'పేపర్ క్రాఫ్ట్' అన్న మాటనే జపాన్‌వాళ్లు ముద్దుగా అలా పిలుచుకున్నారు. బ్లెండర్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. తలను ఇస్తే అది ముక్కలుగా విప్పి, ఏ అంచు ఏ అంచుకు అతకాలో నంబర్లేసి, జిగురు రాయడానికి రెక్కలు కూడా గీసి పేజీల్లో సర్దేస్తుంది. ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహాన్ని కూడా చైనాలో ముక్కలుగా పోతపోసి, తెచ్చి ఇక్కడ అతికించారు. ఎంత పెద్ద పనికైనా ముక్కలకు లెక్క తప్పకూడదన్నదే సూత్రం.

రెండడుగుల ఎత్తు తల కావాలంటే ఏ-4 సైజు అట్టలు పాతిక ముప్పై పడతాయి. ఎత్తు రెట్టింపు చేస్తే అట్టలు రెట్టింపు అవుతాయనుకోకండి, నాలుగు రెట్లవుతాయి. మామూలు జిరాక్స్ కాగితం పనికిరాదు. శుభలేఖలు అచ్చేసే మందం అట్ట కావాలి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక ఏ ప్రెస్సుకెళ్లి అడిగినా మిగిలిపోయిన అట్ట దొరుకుతుంది.

గీతల్లో రెండు రకాలుంటాయి. ఒక రకం దగ్గర అట్టను బయటికి ఉబికేలా మడవాలి, రెండో రకం దగ్గర లోపలికి దిగేలా. డెల్టా రైతు భాషలో చెప్పాలంటే ఒకటి మెరక మడత, ఇంకోటి పల్లం మడత. దున్న నెత్తిమీద గట్టుకు మెరక, నుదుటి గుంటకు పల్లం. ఒక్క మడత తిరగబడిందా, నుదురు ముందుకు పొడుచుకొచ్చి దున్న కాస్తా ఆశ్చర్యపోతున్న ఆవులా తయారవుతుంది! మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత వెంట గట్టిగా ఒక్క గీటు గీస్తే మడత కత్తిలా పడుతుంది. మూతి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం మేలు. చిన్నచిన్న ముక్కలన్నీ అక్కడే ఉంటాయి. చెయ్యి లోపలికి పెట్టి అతుకును నొక్కే వీలుండగానే అవి అయిపోవాలి. కొమ్ములు విడిగా చేసుకుని చివర్లో తగిలించాలి. మెడ వెనక భాగం తెరిచే ఉంచాలి.

పిల్లలకు ఇదంతా ఆటలానే ఉంటుంది. ఏడో క్లాసులో 'ఘనాకారాల వలరూపాలు' అంటూ బుర్రకెక్కని పాఠం, పదిహేడో నంబరు అంచుకు పదిహేడో నంబరు అంచు అతికేసరికి ఎక్కేస్తుంది.

గోదారి గాలికి నిలవాలిగా!

విదేశీ వీడియోల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. అట్ట తలకు రంగేసి గోడకు పెట్టేస్తారు. కోనసీమలో అలా చేస్తే శ్రావణమాసం నాటికి దున్న చెవులు వాలేస్తుంది. ముసురు పట్టిన వారంలో అప్పడాలే మెత్తబడిపోతుంటే అట్ట ఎంత? అందుకే ఇక్కడ తలకు లోపల్నుంచి బలం పట్టించాలి. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది అమ్మమ్మల దారి. పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, నానిన మెంతులు కలిపి నూరిన గుజ్జును చేటలకూ బుట్టలకూ అలకడం తెలుగిళ్లలో పాత అలవాటు. మెంతుల చేదుకు పురుగు దరిచేరదు, గుజ్జు ఎండితే చేట అట్టలా బిగుస్తుంది. అదే గుజ్జును తల లోపలి వైపు పల్చగా రెండు మూడు విడతలుగా పట్టించవచ్చు. ఒక పొర పూర్తిగా ఎండాకే ఇంకో పొర. తొందరపడి ఒకేసారి మందంగా పెడితే తడికి అట్ట ఉబ్బి పలకలన్నీ బొబ్బలెక్కుతాయి. జిగురుకు చింతపిక్కల పిండి ఉడకబెట్టుకోవచ్చు. కొండపల్లి బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికే 'మక్కు' కూడా రంపపుపొట్టులో చింతపిక్కల జిగురు కలిపిందే కదా. పిల్లలున్న ఇంటికి ఇదే సరైన దారి.

రెండోది కొత్తపేట దారి. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని కొత్తపేట పేరు చెబితే విగ్రహాలే గుర్తొస్తాయి. అక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేతిలో రూపుదిద్దుకున్న నాయకులూ నటులూ తెలుగునాట ఎన్నో కూడళ్లలో నిలబడి ఉన్నారు. మట్టితో మూర్తిని చేసి, దానిమీద ప్లాస్టర్‌తో అచ్చుతీసి, ఆ అచ్చులో ఫైబరో కంచో పొయ్యడం వాళ్ల పద్ధతి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తన తల్లిదండ్రుల విగ్రహాలతోపాటు తన విగ్రహాన్ని కూడా చేయమని అడిగింది ఈయన్నే. అప్పుడు 2020, కరోనా రోజులు. కొలతలివ్వడానికి కలుసుకునే వీల్లేక ఫొటోలు మెయిల్లో పంపారు బాలు. ఆ ఫొటోల్నే చూస్తూ శిల్పి పని సాగించారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న బాలు కన్నుమూశారు. కంప్యూటర్లో వచ్చిన చదునైన ఫొటో నుంచి ముక్కూ చెంపా గడ్డం లోతుల్ని ఊహించి మట్టిలోకి తేవడం... తెరమీది నుంచి చేతిలోకి రావడమంటే అదే. సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు, పని మాత్రం అదే పని.

ఫైబర్ దారిలో వెళ్లాలనుకుంటే అట్ట తలకు పైన పల్చగా రెజిన్ పూసి, అది గట్టిపడ్డాక లోపల గాజునార మ్యాట్ పరిచి మళ్లీ రెజిన్ పట్టిస్తారు. తల డప్పులా మోగుతుంది, ఎన్ని వర్షాకాలాలొచ్చినా చెక్కుచెదరదు. కానీ ఇది ఇంట్లో చేసే పని కాదు. రెజిన్ వాసన ఘాటు, గొంతు పట్టేస్తుంది. అందులో కలిపే హార్డ్‌నర్‌నూ కోబాల్ట్ ద్రవాన్నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గున అంటుకోవచ్చు, పేలనూవచ్చు. ముందు ఒకటి రెజిన్లో బాగా కలిపాకే రెండోది కలపాలి. గ్లవుజులూ మాస్కూ ఆరుబయట గాలీ తప్పనిసరి. అన్నిటికన్నా మంచిది, అట్ట తలను తీసుకెళ్లి ఫైబర్ విగ్రహాలు చేసేవాళ్లకు అప్పజెప్పడం. ఎన్నికలూ వర్ధంతులూ లేని నెలల్లో వాళ్లకూ ఒక పని దొరికినట్టుంటుంది. నిజానికి గోదావరి జిల్లాల్లో ఈ కొత్త సరదా నిలబడాలంటే జరగాల్సింది ఇదే. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడి ఫైలూ, విగ్రహాలు చేసే చేతులూ ఒకచోట కలవాలి. ఫైలు ఒకరి దగ్గర, పనితనం ఇంకొకరి దగ్గర ఉండిపోతే... పార్శిల్‌లో మళ్లీ మంచుదేశపు దుప్పే వస్తుంది.

మిషను చేసిపెట్టదా?

చేసిపెడుతుంది. త్రీడీ ప్రింటర్లకు సంబంధించిన ముఖ్యమైన పేటెంటు ఒకటి 2009లో ముగిశాక వాటి ధరలు దిగొచ్చాయి. అటల్ టింకరింగ్ ల్యాబులున్న స్కూళ్లలో పిల్లలు వాటిని వాడుతున్నారు. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లాంటి చోట పెద్ద యంత్రాలే ఉన్నాయి. సమస్యల్లా పరిమాణంతోనే. ప్రింటరు సన్నటి ప్లాస్టిక్ తీగను కరిగించి, జంతికలు ఒత్తినట్టు వరసమీద వరస పేరుస్తుంది. ఒక్కో వరస మందం 0.2 మిల్లీమీటర్లు. రెండడుగుల తలంటే మూడువేల వరసలు! పైగా మామూలు ప్రింటర్లో అంత పెద్దది పట్టదు, ముక్కలుగా చేసుకోవాల్సిందే. ఎక్కువమంది వాడే పీఎల్ఏ ప్లాస్టిక్‌కు 60 డిగ్రీల వేడి తగిలితే మెత్తబడే గుణం ఉంది. రోహిణీకార్తెలో అద్దాలెత్తిన కారులో పెట్టి మర్చిపోతే కొమ్ములు చెవుల్లా వాలిపోతాయి.

తలుపుల మీద లక్ష్మీదేవినీ నెమళ్లనీ చెక్కుతున్న సీఎన్‌సీ మిషన్లూ ఇప్పుడు చాలా ఊళ్లలోనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పైనుంచి కిందికి మాత్రమే చెక్కగలవు. కొమ్ము వెనక్కీ చెవి కిందికీ వాటి పళ్లు వెళ్లవు. పలకలోంచి సగం ఉబికిన తల కావాలంటే భేషుగ్గా ఉంటుంది. గోడలోంచి తొంగిచూసే తల కావాలంటే కష్టం. అందుకే కట్టరూ ఫెవికాలే ఇప్పటికీ చవక.

రంగు ఒక్కటి చాలు

బలం పట్టించిన తలకు అతుకుల దగ్గర లప్పం పెట్టి ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దేటప్పుడు ఒక జాగ్రత్త. అంచుల్ని గుండ్రంగా అరగదీయకూడదు. అంచు పోతే పలక పోయినట్టే. తరవాత ప్రైమరు, ఆపైన రంగు. దున్న కదా అని నలుపు వేయాలనుకుంటారు. నల్లరంగులో పలకలన్నీ కలిసిపోయి గోడమీద నల్లటి మచ్చలా కనిపిస్తుంది. తెలుపో, ఇటుకరంగో, లేత బూడిదరంగో ఒక్కటి చాలు. మెరుపు లేని రంగైతే ఇంకా మంచిది. మెరుపు రంగులో ట్యూబులైటు కనిపిస్తుంది, దున్న కనిపించదు.

వెనక ప్లైవుడ్ పలక బిగించి, గోడకు రెండు స్క్రూల మీద తగిలించాలి. ఒక్క మేకు మీద వేలాడదీస్తే ఫ్యానుగాలికి మొహం పక్కకు తిప్పుకుంటుంది. మరీ పైన, వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టేస్తుంటారు కొందరు. నిలబడ్డ మనిషి కంటికి తిన్నగా ఉంటే చాలు. కొమ్ముల వెడల్పు ముందే చూసుకోకపోతే తలుపు తెరిచినప్పుడల్లా ఒక కొమ్ము తగులుతుంది. దీపం ఎదురుగా వద్దు. పైన ఒక పక్కనుంచి పడాలి. అప్పుడు ఒక్కో పలక ఒక్కో ఛాయలోకి వెళ్తుంది. నెత్తిమీద గట్టు వెలుగుతుంది, దాని కింద గుంట చీకటవుతుంది. ఒకే రంగు వేసినా పది రంగులు వేసినట్టుంటుంది.

దున్న కుదిరిందంటే ఇంట్లో పిల్లలు ఊరుకోరు, 'నెక్స్ట్ ఏంటి?' అంటారు. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో బావురుపిల్లి ఉండనే ఉంది. మడచెట్ల మధ్య కాలువ ఒడ్డున కాపేసి, నీళ్లలోకి దూకి చేపలు పట్టుకునే పిల్లి అది. ఆ మడ అడవి 1978 నుంచీ అభయారణ్యం. అయితే దున్నకన్నా ఇది కష్టం. కొమ్ముల్లేవు, గట్టుల్లేవు. చెవులు పొట్టివి, తల పొడవుగా ఉంటుంది, ముక్కు చదును. నుదుటిమీంచి వెనక్కి వెళ్లే నల్లచారల్ని రంగుతో గీయకుండా పలకల అంచులతోనే చూపించాలి. త్రికోణాలు మూడొందలు చాలవు, చెంపల దగ్గర ఇంకో వంద పడతాయి. మీసాలకు మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కోనసీమలో కొబ్బరీనెలకు కరవా?